ప్రాపర్టీ టాక్స్ తగ్గిస్తామన్న కంపెనీకి నా రివ్యూ: 5కి 2 స్టార్లు

2024 నవంబరులో నాకొక బిల్లు వచ్చింది. 132 డాలర్ల 60 సెంట్లు. పైన పచ్చరంగులో కంగ్రాచ్యులేషన్స్ అని, కింద 'మీకు ఆదా అయిన పన్నులో మా ఫీజు 40 శాతం' అని. సరే, ఆదా ఎంతయిందో చూద్దామని ఆ ఏడాది టాక్స్ బిల్లు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. గంటసేపు అటు తిప్పి ఇటు తిప్పి చూసినా నాకు తగ్గింది సున్నా. ఒక్క డాలరు కూడా కాదు. సున్నాలో 40 శాతం ఎంతో మా ఊరి లెక్కల మాస్టారు ఎప్పుడో చెప్పారు కానీ, వీళ్ల లెక్కలో అది 132.60.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇలా చేసేది వాళ్లొక్కరే కాదు, తర్వాత ఇంకో రెండు కంపెనీల అగ్రిమెంట్లు చదివితే ఒకదాంట్లో ఇలాంటి లెక్కకి దారిచ్చే లైనే ఉంది. కాబట్టి ఇది ఒక కంపెనీ మీద కోపం కన్నా, టెక్సాస్‌లో ఊరి బయట ఇల్లు కొనుక్కుని ఏప్రిల్‌లో ఇంటి విలువ పెంచామన్న పన్ను నోటీసు చూసి టెన్షన్ పడి, ఎవడో ఒకడికి సంతకం పెట్టేసే మనలాంటి వాళ్ల కోసం రాస్తున్నది అనుకోండి.

ముందు మా సంగతి. మా ఇల్లు డాలస్‌కి తూర్పున, ట్రాఫిక్ లేకపోతే గంట దూరం. ఫ్రిస్కోలో, ప్లేనోలో మన బడ్జెట్‌కి ఇల్లు దొరకదని తేలాక, చాలామంది మనవాళ్లలాగే మేమూ మ్యాప్‌లో ఇంకాస్త బయటికి, ఇంకాస్త బయటికి జరుగుతూ పోయి, చివరికి ఆవులు మేసే చోట కొత్త సబ్‌డివిజన్‌లో, అంటే ఇళ్ల కాలనీలో, తేలాం. ఈ వైపంతా అంతే. మాకు దగ్గర్లోనే ఉన్న కాఫ్‌మన్ కౌంటీ 2022 జూలై నుంచి 2023 జూలై మధ్య దేశంలోకెల్లా వేగంగా పెరిగిన కౌంటీ అని సెన్సస్ వాళ్లే చెప్పారు, 20 వేలకు పైన జనాభా ఉన్నవాటిలో, ఏడాదికి 7.6 శాతం. మా కౌంటీ ఇంకా అంతదాకా రాలేదు. కౌంటీ ఆఫీసు ఎదురుగా ఇప్పటికీ దాణా కొట్టే ఉంది.

2022 ఆగస్టులో 3,85,000కి కొన్నాం. లోను 3,46,500, వడ్డీ 5.25. అసలు, వడ్డీ, ఇన్సూరెన్స్, పీఎంఐ (మనం లోను కట్టకపోతే బ్యాంకు నష్టపోకుండా మన చేత కట్టించే ఇన్సూరెన్స్), ఎస్క్రోలో (పన్ను కట్టడానికి లోన్ కంపెనీ నెలనెలా పోగేసే ఖాతా) టాక్స్ అన్నీ కలిపి నెలకి 2,335. ఇర్వింగ్‌లో కట్టే అద్దెకి ఇంకో నాలుగొందలు వేసుకుంటే సొంత ఇల్లు, ఏముంది అనుకున్నాం. ఆ 2,335లో టాక్స్ వాటా నెలకి 132 మాత్రమే అని ఉంటే, ఇంత తక్కువేంటని అడగాల్సింది. అడగలేదు. తక్కువ ఉంటే ఎవరు అడుగుతారు చెప్పండి.

ఎందుకంత తక్కువంటే, టెక్సాస్‌లో ఏ ఏడాది పన్నయినా జనవరి 1న ఆస్తి ఎలా ఉందో దాన్నిబట్టే వేస్తారు. 2022 జనవరి 1న మా ఇల్లు లేదు. మట్టి ఉంది, జెండా పాతిన ఒక కర్ర ఉంది. ఆ మట్టికి 62,000 విలువ కట్టి, దానికి 1,581 డాలర్లు పన్ను వేశారు. లోన్ కంపెనీ ఆ 1,581ని 12తో భాగించి నాకు నెలకి 132 అని చెప్పింది. మరుసటి జనవరి 1కి ఆ మట్టి మీద ఇల్లు ఉంది, ఇంట్లో మేమున్నాం. విలువ 3,92,000. మొత్తం రేటు మా దగ్గర వందకి 2.55. పన్ను 9,996.

ఎస్క్రోలో వాళ్లు ఏడాదంతా పోగేసింది 1,581. డిసెంబరులో కట్టింది 9,996. తేడా 8,415. 2024 ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది: ఇకనుంచి టాక్స్ వాటా నెలకి 833, దానికి తోడు పోయినేడు తక్కువ పడిన 8,415ని 12 నెలల్లో వసూలు చేస్తాం కాబట్టి ఇంకో 701. మా నెల వాయిదా 2,335 నుంచి ఒక్కసారిగా 3,737కి ఎక్కింది. మా ఆవిడ ఆ కాగితం చూసి, తప్పు ప్రింటయి ఉంటుంది, ఫోన్ చేయండి అంది. ఫోన్ చేశాను. తప్పు కాదు.

కొత్తగా కట్టిన ఇల్లు కొంటున్నవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా నేను ఇదంతా రాసినందుకు ఫలితం దక్కినట్టే. ఇంటి ధరని ఆ ఏరియా మొత్తం రేటుతో గుణించి 12తో భాగించండి. లోన్ కంపెనీ చెప్పే అంకె దానికి దగ్గరగా లేకపోతే, మిగిలింది మీరే నెలనెలా పక్కన పెట్టుకోండి.

ఆ ఫోన్‌లోనే ఇంకో సంగతి బయటపడింది. 'మీకు హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ కనిపించడం లేదే' అంది లోన్ కంపెనీ అమ్మాయి. అంటే ఉంటున్న సొంత ఇంటికి పన్నులో ఇచ్చే మినహాయింపు. మేము అది క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మా పేరున రాసిన రోజున, పెట్టిన నలభై సంతకాల్లో ఒకటై ఉంటుందనుకున్నాం. కాదు. అది మనమే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (పన్ను కోసం ఇళ్లకి విలువ కట్టే ఆఫీసు) పంపాలి, ఫారం నంబరు 50-114, ఫీజు ఏమీ లేదు, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఈ ఇంటి అడ్రసు ఉండాలి. మేం లైసెన్స్ మీద ఇంకా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ అడ్రసే మోస్తున్నాం. (హెచ్1బీ మీద ఉన్నాం, మనకి ఇస్తారా అని అనుమానం ఉన్నవాళ్లకి: మాకు ఇచ్చారు. ఉంటున్న సొంత ఇల్లా కాదా అన్నదే అడిగారు.) ఈ పనికి డబ్బులడుగుతూ పోస్టులో రంగురంగుల ఉత్తరాలు వస్తాయి, గవర్నమెంటు ఉత్తరంలాగే కనిపిస్తాయి, నేరుగా చెత్తబుట్టలో వేయండి.

ఆలస్యంగా పెట్టినా ఇస్తారు, గడువు దాటి రెండేళ్ల దాకా. అలా 2023కి వెనక్కి ఇచ్చారు. అప్పటికి స్కూల్ టాక్స్‌లో లక్ష డాలర్ల విలువ మినహాయింపు, 2023 నవంబరులో ఓటింగ్ పెట్టి 40 వేల నుంచి లక్షకి పెంచింది అదే. మా స్కూల్ రేటు 1.25 కాబట్టి 1,250 డాలర్లు వెనక్కి వచ్చాయి. పది నిమిషాల పని. 2025 నవంబరులో మళ్లీ ఓటేసి దాన్ని 1,40,000 చేశారు, ఆ ఏడాది బిల్లుకే వర్తించింది.

ఇదంతా అయ్యీ కాకముందే 2024 ఏప్రిల్ నోటీసు వచ్చింది. మార్కెట్ విలువ 4,47,000. కొన్న రెండేళ్లలోపు 62 వేలు పెరిగిందట. అమ్మబోతే ఇచ్చేవాడు లేడు కానీ పన్నుకి మాత్రం పెరిగింది. అప్పటికే 3,737 దెబ్బకి తల తిరిగి ఉన్నానేమో, ఆ రాత్రే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన లింకు నొక్కి, నా తరఫున ఆ విలువ తగ్గించమని వాదించడానికి ఈ కంపెనీకి సంతకం పెట్టేశాను. ఐదు నిమిషాలు పట్టింది. తగ్గితేనే ఫీజు, తగ్గకపోతే ఒక్క పైసా వద్దు అని పెద్ద అక్షరాలు. పోయేదేముంది అనుకున్నాను. వాళ్ల వెబ్‌సైట్ నిజంగా బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి, ఫోన్‌లో వేలితో సంతకం పెట్టగానే నా తరఫున ఏజెంటుగా వాళ్లని నియమించే ఫారం వెళ్లిపోయింది. ఆ ఫారంలో ఏముందో అప్పుడు చదవలేదు. దాని సంగతి తర్వాత.

మే, జూన్ అంతా చప్పుడు లేదు. రెండుసార్లు మెయిల్ పెడితే 'మీ కేసు ప్రాసెస్‌లో ఉంది' అని రోబో జవాబు. ఇంట్లో ఏమైనా పగుళ్లున్నాయా, ఫొటోలున్నాయా, ఎంతకి కొన్నారు, ఒక్క ప్రశ్న అడగలేదు. జూలైలో మెయిల్: మీ విలువ 4,47,000 నుంచి 4,34,000కి తగ్గించాం! పదమూడు వేలు. ఆ ఆశ్చర్యార్థకం వాళ్లదే. మా వీధిలో ఇదే కంపెనీకి ఇచ్చిన ఇంకో రెండు ఇళ్లవాళ్లకీ ఇంచుమించు అంతే శాతం తగ్గింది. వందల ఇళ్లు ఒక మూటగా కట్టి ఒకే బేరం ఆడతారని తర్వాత తెలిసింది. అందులో తప్పేం లేదు, నా ఇంటి కోసం ప్రత్యేకంగా పోరాడతారని ఊహించుకున్నది నేనే.

అసలు మతలబు ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి. హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి, పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం కన్నా ఎక్కువ పెంచకూడదు. 2023లో నా విలువ 3,92,000. దానికి పది శాతం కలిపితే 4,31,200. అంటే 2024లో మార్కెట్ విలువ వాళ్లు 4,47,000 అన్నా, 5 లక్షలన్నా, నేను పన్ను కట్టేది 4,31,200 మీదే. కంపెనీ తగ్గించింది ఎంతకి? 4,34,000కి. గోడ ఎత్తు 4,31,200, వీళ్లు గోడకి అవతలే అటూ ఇటూ జరిపి ఊరుకున్నారు. నా బిల్లు వాళ్లు లేకపోయినా 9,745 డాలర్లే, ఉన్నా 9,745 డాలర్లే. మరుసటి ఏడాది పది శాతం లెక్కకి కూడా 4,31,200నే తీసుకుంటారు కాబట్టి, ముందుముందు ఉపయోగపడుతుందిలే అనుకోడానికి కూడా లేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట విన్నాక ఒకాయన చాలా మర్యాదగా అగ్రిమెంటులో పేరా నంబరు చెప్పాడు. 'ఆదా అంటే మార్కెట్ విలువలో తగ్గింపుని మొత్తం పన్ను రేటుతో గుణించగా వచ్చే మొత్తం; మినహాయింపులు, పరిమితులు లెక్కలోకి తీసుకోబడవు' అని దాని సారం. పదమూడు వేలకి 2.55 శాతం 331.50. అందులో 40 శాతం 132.60. లెక్క సరిగ్గానే ఉంది, ఆదా అన్న మాటకి అర్థమే వేరుగా రాసుకున్నారు. కట్టాను. ఏం చేస్తాం, సంతకం నాది.

కాబట్టి ఎవరికైనా ఇచ్చేముందు ఆ ఒక్క లైను వెతకండి. నిజంగా బిల్లులో తగ్గిన డబ్బు మీదే ఫీజు తీసుకునే కంపెనీలు ఉన్నాయి, నేను చదివిన మూడింటిలో ఒకటి అలాంటిదే. హోమ్‌స్టెడ్ లేని ఇళ్లకి, అంటే అద్దెకిచ్చిన వాటికి, ఈ పది శాతం గోడ లేదు. 2024 నుంచి 2026 దాకా మాత్రం తాత్కాలికంగా 20 శాతం పరిమితి పెట్టారు, 50 లక్షల డాలర్ల లోపు ఆస్తులకి. నాలుగైదు అద్దె ఇళ్లున్నవాళ్లకి, టైము లేనివాళ్లకి కంపెనీ పనికొస్తుంది, కాదనను. ఉంటున్న ఒక్క ఇంటికి మాత్రం ముందు మీ గోడ ఎక్కడుందో చూసుకోండి.

ఇప్పుడు ఆ ఫారం సంగతి. 2025 ఏప్రిల్ వచ్చింది, వీధిలో అందరికీ నోటీసులొచ్చాయి, నాకు రాలేదు. విలువ పెంచలేదేమో, బతికాం అనుకున్నాను. మే మొదటి వారంలో ఎందుకో అనుమానమొచ్చి వెబ్‌సైట్‌లో చూస్తే 4,66,000! ఏజెంటు ఫారంలో 'ఉత్తరాలన్నీ ఏజెంటుకే పంపండి' అన్న గడి టిక్ అయి ఉంది, పైగా నేను రద్దు చేసేదాకా అది ప్రతి ఏడాదీ నడుస్తూనే ఉంటుంది. నా ఇంటి నోటీసు వాళ్ల ఆఫీసుకి వెళ్లింది, వాళ్లు నాకు చెప్పలేదు. ప్రొటెస్ట్‌కి, అంటే విలువ ఎక్కువ వేశారని అభ్యంతరం చెప్పడానికి, గడువు మే 15, లేదా నోటీసు పోస్టు చేసిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. ఆ రోజే రద్దు కాగితం పంపి, మే 12న నేనే ఆన్‌లైన్‌లో ప్రొటెస్ట్ వేశాను. రెండు స్టార్లు తీసేసింది దీనికే, 132 డాలర్లకి కాదు.

ఈసారి గోడ ఎక్కడ? 4,31,200కి పది శాతం కలిపితే 4,74,320. మార్కెట్ విలువ 4,66,000 దాని కిందే ఉంది. అంటే ఈసారి తగ్గించే ప్రతి వెయ్యీ నిజంగా నా జేబులోకే.

ఏం చేశానో చెప్తాను, పెద్ద విద్యేం కాదు. ఫారంలో రెండు కారణాలు టిక్ చేయాలి: విలువ మార్కెట్ కన్నా ఎక్కువ వేశారని ఒకటి, చుట్టుపక్కల ఇళ్లతో పోలిస్తే అసమానంగా వేశారని ఇంకోటి. రెండోది చాలామంది వదిలేస్తారు. టెక్సాస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడైందో గవర్నమెంటుకి చెప్పాలన్న రూలు లేదు కాబట్టి అమ్మకం ధరలు మనకి తేలిగ్గా దొరకవు, కానీ పక్కింటికి అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఎంత విలువ వేసిందో వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఒక శనివారం పొద్దున కాఫీ పెట్టుకుని మా మోడల్ ఇళ్లు తొమ్మిది వెతికి ఎక్సెల్‌లో పెట్టాను. అప్పుడు బయటపడింది, మా ఇంటి వైశాల్యం 2,640 చదరపు అడుగులని రాసుకున్నారు. బిల్డర్ ప్లానులో 2,480. వెనక వరండాని కూడా గదుల్లో కలిపేసినట్టున్నారు. రెండేళ్లుగా వరండాకి ఇంటి రేటున పన్ను కడుతున్నాం, ఆ కంపెనీ కూడా దాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే చూడలేదు.

ఇంకో సాక్ష్యం రోడ్డు మీదే దొరికింది. మా సబ్‌డివిజన్‌లో తర్వాతి ఫేజులో అదే బిల్డరు అదే మోడల్‌ని కొత్తగా కట్టి 3,89,000కి బోర్డు పెట్టి అమ్ముతున్నాడు, పైగా వడ్డీ తగ్గిస్తామని ఆఫర్. ఆ బోర్డుకి ఫొటో తీసుకున్నాను. అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్లు ఏ సాక్ష్యం చూపించబోతున్నారో అడిగితే హియరింగ్‌కి 14 రోజుల ముందు మనకివ్వాలి, అదీ అడిగి తీసుకున్నాను. వాళ్లు పోల్చిన ఇళ్లలో రెండింటికి స్విమ్మింగ్ పూల్ ఉంది. మాకు ఉన్నది పిల్లల ప్లాస్టిక్ తొట్టి.

ముందు ఫోన్‌లో ఒక అప్రైజర్ మాట్లాడి 4,52,000కి ఒప్పుకుంటారా అన్నాడు. చాలామంది ఇక్కడే సరే అంటారు. నేను వద్దన్నాను, జూన్‌లో రివ్యూ బోర్డు (ఇలాంటి అభ్యంతరాలు విని తేల్చే బోర్డు) హియరింగ్ డేటు ఇచ్చారు.

ఆ రోజు కౌంటీ ఊళ్లో వెయిటింగ్ హాల్లో నాకు మా పెద్దాయన కనిపించాడు. మా సబ్‌డివిజన్ కంచె అవతల 14 ఎకరాల రైతు, 71 ఏళ్లు, గడ్డి కోసి మోపులు కడతాడు, పది పన్నెండు ఆవులున్నాయి. మూడేళ్లలో చెయ్యి ఊపుకోవడమే తప్ప కూర్చుని మాట్లాడుకున్నది ఆ హాల్లోనే, గంటన్నర. మీకేంటండీ, ఏజీ (వ్యవసాయ భూమి) ఎగ్జెంప్షన్ ఉంటుందిగా, పన్నేముంటుంది అన్నాను. ఆయన నవ్వాడు.

పచ్చిక భూమికి నిజంగానే పన్ను తక్కువ, మార్కెట్ ధర మీద కాకుండా దాని మీద పండే ఆదాయాన్ని బట్టి వేస్తారు. 65 దాటిన ఏడాదే ఆయన ఇంటి స్కూల్ టాక్స్ కూడా గడ్డకట్టింది, ఇక పెరగదు. కానీ ఇల్లున్న ఎకరం మీద కౌంటీ పన్ను, ఆస్పత్రి పన్ను, ఫైర్ పన్ను ఏటా పది శాతం చొప్పున ఎక్కుతూనే ఉన్నాయి. ఆ రోజు ఆయన వచ్చింది మాత్రం తన కోసం కాదు, కూతురి కోసం. ఆమె అదే పొలంలో ఒక మూల రెండెకరాల్లో మొబైల్ హోమ్ పెట్టుకుని ఉంటోంది, స్కూల్ క్యాంటీన్‌లో పని. ఇల్లు ఆమెది, నేల తండ్రి పేరున ఉంది. అందుకని ఆ నేలకి ఆమె హోమ్‌స్టెడ్ వర్తించదు, పచ్చిక కాదు కాబట్టి ఏజీ లేదు, ఆమెకి 65 రాలేదు. మనూళ్లో తండ్రి పేరున ఉన్న స్థలంలో కొడుకు ఇల్లు కట్టుకున్నట్టే, కాకపోతే ఇక్కడ దానికి ఏటా వెల కడతారు. ఆ రెండెకరాల విలువ వాళ్లు వేసింది పక్కనున్న మా సబ్‌డివిజన్ ధరలు చూసి.

'మీ ఇళ్లు రాకముందు ఆ మూలకి ఎవరూ విలువ కట్టేవాళ్లు కాదు' అన్నాడు. కోపంగా కాదు, వాన పడలేదన్నట్టుగా. ఏమనాలో నాకు తెలియలేదు. మా ఇల్లున్న నేల కూడా వాళ్ల మేనమామ అమ్మిన పచ్చికేనట.

నేను వెంటనే ఫోన్‌లో, మా సబ్‌డివిజన్‌కి నీటి లైను, మురుగు లైను ఉన్నాయి, మీ మూలకి బావి, సెప్టిక్ ట్యాంకు, అది రాసి చూపించండి, మాతో పోల్చడమే తప్పు అని చెప్పి, మా వైపు కాకుండా రోడ్డుకి అటు పక్కనున్న రెండు మూడెకరాల ముక్కల విలువలు ఐదు వెతికి ఆయన కాగితం వెనకాల పెన్నుతో రాసిచ్చాను. తగ్గించారట, ఎంతో చెప్పలేదు, వారం తర్వాత మా గేటు మీద ఒక సంచీ నిండా బెండకాయలు వేలాడుతున్నాయి. లేత బెండకాయలు. రెండ్రోజులు వేపుడు, ఒకరోజు పులుసు.

నా హియరింగ్ పదిహేను నిమిషాలు. బల్ల అవతల ముగ్గురు, ఊళ్లోవాళ్లే, అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కాదు. ప్రమాణం చేయించారు. కోర్టులా భయపడ్డాను కానీ పంచాయతీ ఆఫీసు గదిలా ఉంది, ఏసీ చప్పుడుతో సహా. నేను వరండా ప్లాను పెట్టాను, తొమ్మిది ఇళ్ల పట్టిక పెట్టాను, బిల్డర్ బోర్డు ఫొటో పెట్టాను. ఒకావిడ పూల్ ఉన్న ఇళ్ల గురించి అప్రైజర్‌ని రెండు ప్రశ్నలడిగింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 4,15,000. అయిపోయింది, బయటికొచ్చేశాను. ఇది కూడా నచ్చకపోతే 450 డాలర్ల డిపాజిట్ కట్టి ఆర్బిట్రేషన్‌కి (బయటి మధ్యవర్తి దగ్గరికి) వెళ్లొచ్చు, నాకు అక్కర్లేకపోయింది.

51,000 తగ్గింది, 2.55 శాతం చొప్పున 1,300 డాలర్లు. 2025 బిల్లు 8,832 వచ్చింది. 40 శాతం ఎవరికీ ఇవ్వలేదు.

ఇంతా చేసి 8,832 అంటే తక్కువా? కాదు. ఇక్కడే ఇంకో విషయం, ఇది ఏ కంపెనీ తగ్గించలేదు, ఏ బోర్డూ తగ్గించలేదు. మా 2.55లో స్కూలు 1.25, కౌంటీ 0.35, కాలేజీ, ఫైర్ వగైరా 0.10, మిగిలిన 0.85 మడ్ టాక్స్. మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అని పూర్తి పేరు. సిటీ హద్దు అవతల కాబట్టి నీళ్లు, మురుగు, వాన కాలువలు వేయడానికి డెవలపర్ ఒక డిస్ట్రిక్ట్ పెట్టించుకుని, దాని పేరు మీద బాండ్లు తెచ్చి, ఆ అప్పు మన నెత్తిన పెడతాడు. కొనేటప్పుడు దీని నోటీసు మీద సంతకం తీసుకుంటారు, చట్టం ప్రకారం తీసుకోవాలి కూడా, క్లోజింగ్ రోజు పెట్టిన ఆ నలభై సంతకాల్లో ఇదొకటి. ఓటింగ్‌లో గెలిచిన 1,40,000 మినహాయింపు స్కూల్ టాక్స్‌కి మాత్రమే. మడ్ వాళ్లు మొత్తం 4,15,000 మీదా వసూలు చేస్తారు, మా వాటా 3,527. ఫ్రిస్కోలో నా స్నేహితుడి ఇల్లు మా ఇంటికన్నా రెండు లక్షలు ఎక్కువ, అతని పన్ను మాకన్నా పెద్దగా ఎక్కువేం కాదు, అక్కడ మడ్ లేదు, ఆఫీసులూ షాపులూ కూడా పన్ను కడతాయి. మా వైపు కట్టేదెవరు? ఇళ్లవాళ్లే. ఒక గ్యాస్ బంకు, ఒక డాలర్ స్టోరు, ఆ దాణా కొట్టు. కొత్త స్కూలు బిల్డింగు కావాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా చుట్టూ చూస్తే దొరికేది మన కప్పులే.

మా నాన్నగారు వచ్చినప్పుడు ఈ బిల్లు చూశారు. గుంటూరు జిల్లాలో మా ఇంటికి పంచాయతీ వాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని వచ్చి ఏడాదికి కొన్ని వందలు తీసుకెళ్తారు, దానికే ఆయన అరుగు మీద కూర్చోబెట్టి అరగంట వాదిస్తారు. 'ఇల్లు నీదేనన్నావు, మరి ఈ అద్దె ఎవరికి?' అని అడిగారు. స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు నాన్నా ఇక్కడ, అన్నాను. 'ఉద్యోగం పోతే ఆ టాక్సు ఎలాగూ ఉండదుగా, మరి ఇదో?' అన్నారు. ఉంటుంది. జనవరి 31 దాటితే ఫిబ్రవరిలోనే 7 శాతం జరిమానా, వడ్డీతో కలిపి ఉంటుంది.

ఇంకో మాట, ఇది రివ్యూకి సంబంధం లేకపోయినా. నలుగురైదుగురు కలిసి ఇటువైపు పది, పదిహేను ఎకరాలు కొందాం, ఏజీ ఎగ్జెంప్షన్ ఉంటుంది, పన్ను దాదాపు ఉండదు అని మన గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు తిరుగుతున్నాయి. ఆ భూమి వెనకటి ఏడేళ్లలో ఐదేళ్లయినా సాగులోనో మేతలోనో ఉండాలి, మీరు కొన్నాక కూడా ఆవులో గడ్డో తేనెటీగలో నిజంగా ఉండాలి (తేనెటీగలైతే 5 నుంచి 20 ఎకరాల లోపు భూమికే). కొన్నవాళ్లు కొత్తగా అప్లికేషన్ పెట్టుకోవాలి, పాతాయనది మనకి రాదు. తర్వాత ప్లాట్లు వేస్తే మూడేళ్ల తేడా పన్ను వెనక్కి కక్కిస్తారు. మా పెద్దాయన్ని గడ్డి కోయడానికి లీజుకి అడుగుతూ ఈ ఏడాది ముగ్గురు మనవాళ్లు వచ్చారట. కంచె బాగుచేస్తే వస్తానన్నాడట.

స్టార్ల లెక్క: వెబ్‌సైట్‌కి ఒకటి. 2024లో గడువులోగా ప్రొటెస్ట్ వేసినందుకు ఇంకోటి, అది నేనైతే అప్పుడు వేసేవాణ్ణి కాదు. నోటీసు దాచినందుకు రెండు పోయాయి, అగ్రిమెంటులో ఆ ఒక్క లైనుకి ఒకటి. రద్దు కాగితం పంపి ఏడాది దాటింది కదా అనుకున్నాను, పోయిన వారం మళ్లీ మెయిల్ వచ్చింది, 2026కి మీ ఖాతా సిద్ధంగా ఉంది, ఒక్క క్లిక్ చాలు అని. మీకు ఇలాంటిది వస్తే నొక్కేముందు అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి పేజీ తెరిచి, ఏజెంటు అన్న చోట ఎవరి పేరుందో చూడండి. నాది ఖాళీగా ఉంది, ఇప్పుడే చూశాను.